పానగల్లు కట్ట కింద దొరికిన పాలపిట్ట: ఈ రాత్రికి ఏం చేయాలి?

చెరువుకట్ట (పానగల్లు, నల్లగొండ)
దసరా మరునాడు, సాయంత్రం 6:20

సభ్యులందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడిచి తిరిగి వస్తుండగా, కట్ట దిగువన సర్కారు తుమ్మ పొద పక్కన ఒక పాలపిట్ట నేల మీద కూర్చొని కనిపించింది. మనిషి దగ్గరకు వస్తే ఎగిరిపోవలసిన పక్షి, రెండు రెక్కలూ విప్పి మూరెడు ఎత్తు లేచి మళ్లీ నేల మీద పడింది. అప్పటికే రెండు కుక్కలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. మా అమ్మాయి తన చున్నీని దాని మీద వేసి మెల్లగా పట్టుకున్నది. ఇంటికి తీసుకువచ్చాం.

ప్రస్తుతం దానిని పక్కింటివారు ఇచ్చిన కోళ్ల గంప కింద ఉంచి, లోపల ఒక గిన్నెలో నీళ్లు, ఒక పళ్లెంలో బియ్యం పెట్టాము. ఏదీ ముట్టడం లేదు. ముక్కు తెరిచి ఊపిరి తీసుకుంటున్నది. కుడి రెక్క ఎడమ రెక్క కంటే పొట్టిగా ఉన్నట్లు నాకు అనిపించింది. రెక్క విరిగిందేమో, పసుపు పెట్టి కట్టు కట్టమని ఒకరు, చంచాతో పాలు పట్టించమని ఇంకొకరు చెబుతున్నారు. దసరా నాటి పిట్ట ఇంటికి రావడం శుభమని, రెండు రోజులు పూజగదిలో ఉంచమని మా అత్తగారి అభిప్రాయం. పండుగ సెలవుల వల్ల అటవీ శాఖ కార్యాలయం మూసి ఉంది. పశువుల ఆసుపత్రి కూడా రేపు ఉదయం గాని తెరవరు. ఈ రాత్రి గడిచేదాకా మేము ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

నల్లమల నడక (అచ్చంపేట)
సాయంత్రం 6:31

అమ్మా, ముందుగా ఆ గంపను తీసివేయండి. గంప సందుల్లోంచి వెలుతురూ మనుషుల కదలికలూ కనబడుతున్నంత సేపు ఆ పక్షి తప్పించుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది, ఆ ప్రయత్నంలో వెదురు బద్దల మధ్య ఈకలు ఇరుక్కొని విరుగుతాయి. చెప్పుల పెట్టె కంటే పెద్దదైన ఒక అట్టపెట్టె తీసుకొని, పక్కల పైభాగాన పెన్సిలు దూరేంత రంధ్రాలు పది, పన్నెండు చేయండి. రంధ్రాలు పక్షి లోపల ఉండగా చేయవద్దు, ముందే చేయండి. అడుగున నూలు తువాలు మడిచి వేయండి. టర్కీ తువాలు అయితే దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి.

పక్షిని పెట్టెలో పెట్టి, మూత వేసి, మనుషులు తిరగని గదిలో నేల మీద ఉంచండి. టీవీ, మిక్సీ, పిల్లల మాటలు దానికి వినబడకూడదు. నీళ్ల గిన్నె, బియ్యం రెండూ తీసివేయండి. కారణాలు డాక్టర్ గారు చెబుతారు, ఆయనకు ఇప్పుడే కబురు పంపాను.

దొరికిన చోటును మాత్రం ఈ రాత్రే ఒక కాగితం మీద వివరంగా రాసి పెట్టుకోండి. ఏ మెట్ల పక్కన, ఎన్ని గంటలకు, దగ్గరలో కరెంటు తీగలు ఉన్నాయా, రోడ్డు ఎంత దూరం అనేవి రాయండి. గాయం ఎందువల్ల అయిందో తెలుసుకోవడానికీ, బాగైన తరువాత ఎక్కడ వదలాలో నిర్ణయించడానికీ ఆ కాగితమే ఆధారం.

పాలమూరు పశువైద్యుడు (విశ్రాంత, మహబూబ్‌నగర్)
సాయంత్రం 6:52

నల్లమల నడక గారు చెప్పినదంతా సరైనదే. నేను కారణాలు మాత్రం వివరిస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఇంట్లో పెద్దవారికి సర్దిచెప్పడం మీకు సులభమవుతుంది.

పక్షి నాలుక మొదట్లోనే, నోటి అడుగున, శ్వాసనాళం ద్వారం తెరుచుకొని ఉంటుంది. మనం చంచాతోనో దూదితోనో నోట్లో పోసిన నీళ్లు సూటిగా ఆ ద్వారంలోకి వెళ్లి ఊపిరితిత్తుల్లో చేరగలవు. స్పృహ సరిగా లేని పక్షి విషయంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. పాలు అసలే వద్దు. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. పాలపిట్ట అనే పేరులో పాలు ఉన్నాయి గానీ దాని ఆహారంలో లేవు, అది మిడతలు, పేడపురుగులు, చిన్న తొండలు తినే పక్షి. బియ్యం గింజను అది ఆహారంగా గుర్తించదు కూడా.

రెండవది, పట్టుకునే పద్ధతి. మనకు ఉన్నట్లు పక్షులకు ఉదరవితానం, అంటే రొమ్మునూ పొట్టనూ వేరుచేస్తూ ఊపిరి ఆడించే కండర పొర, లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనకకూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. భయంతో గట్టిగా రొమ్ము చుట్టూ పట్టుకున్నవారు తమకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి చంపుతారు. రెక్కలు ఒంటికి ఆనేలా వీపు మీదుగా గుడ్డతో కప్పి పట్టుకోవాలి. రొమ్ము మీద ఒత్తిడి పడకూడదు.

మూడవది, వెచ్చదనం. ఆరోగ్యంగా ఉన్న పక్షి శరీరం 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిగా ఉంటుంది. దెబ్బతిన్న పక్షి, ఆకలితో ఉన్న పక్షి ఆ వేడిని నిలబెట్టుకోలేదు. ఒక సీసాలో వేడినీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కకు మాత్రమే పెట్టండి. రెండో పక్క చల్లగా ఉండాలి, అప్పుడు తనకు కావలసిన చోటికి పక్షి జరుగుతుంది. ముక్కు తెరిచి ఆయాసపడుతున్నంత సేపు సీసా పెట్టవద్దు. చీకట్లో అరగంట ఉంచితే ఆయాసం తగ్గవచ్చు, తగ్గిన తరువాతే పెట్టండి.

పసుపు వద్దు, నూనె వద్దు, కట్టు వద్దు. పసుపు ముద్ద, నూనె ఈకలను అంటుకుపోయేలా చేస్తాయి, అలా అంటుకుపోయిన ఈకలు ఒంటి వేడిని నిలపలేవు. తెలియకుండా కట్టిన కట్టు వల్ల ఎముక వంకరగా అతుక్కుంటే ఆ పక్షి ఇక ఎగరలేదు. రక్తం కారుతున్నదా? అది ఒక్కటి చెప్పండి. కారుతుంటే శుభ్రమైన గుడ్డతో రెండు, మూడు నిమిషాలు అదిమి పట్టుకోండి. కారకపోతే ఈ రాత్రికి ముట్టుకోకండి. పాలపిట్ట పగటి పక్షి, రాత్రి తిండి లేకపోయినా నిద్రపోతుంది.

బత్తాయి తోట (హాలియా)
సాయంత్రం 7:10

డాక్టర్ గారు నీళ్ల గురించి చెప్పిన మాటను ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. మూడేళ్ల క్రితం సంక్రాంతి వెళ్లిన తరువాత మా తోటలో బత్తాయి కొమ్మకు చిక్కుకున్న పతంగి మాంజాలో ఒక గువ్వ రెక్క తెగి వేలాడుతూ కనిపించింది. దారం కత్తిరించి దింపాను. ఎండలో ఎంతసేపు వేలాడిందో, ఎంత దప్పికతో ఉందో అనుకొని, ముక్కు విప్పి సీసా మూతతో నీళ్లు పోశాను. రెండు గుక్కలు మింగింది, మూడోసారి మెడ వెనక్కి వాల్చి నా చేతిలోనే చనిపోయింది. గాయం వల్ల చనిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు చదివితే నా నీళ్ల వల్లనే చనిపోయిందని అర్థమవుతున్నది.

మాంజా గురించి ఒక మాట. గాజుపొడి పూసిన నైలాన్ దారాన్ని 2017లో జాతీయ హరిత న్యాయస్థానం దేశమంతటా నిషేధించింది. అయినా మా తోటలో ప్రతి ఏడూ మాఘమాసం దాకా ఆ దారాలు ఏరి కాల్చవలసి వస్తున్నది. చెట్టుకు చిక్కిన పక్షిని దింపేటప్పుడు దారాన్ని లాగకూడదు, లాగితే మరింత లోతుకు కోసుకుంటుంది. పక్షికి రెండు వైపులా జానెడు దారం వదిలి కత్తిరించాలి. ఒంటికి చుట్టుకున్న ముక్కను డాక్టరే తీయాలి.

గడియారం సెంటర్ (నల్లగొండ)
సాయంత్రం 7:18

నాకు ఒక సందేహం. పక్షికి నిజంగా దెబ్బ తగిలిందో, ఊరికే బెదిరిందో తెలుసుకోవడానికి డాబా మీదికి తీసుకువెళ్లి ఒకసారి గాలిలోకి ఎగరేస్తే సరిపోదా? మా మేనమామ పావురాలను అలాగే పరీక్షించేవాడు.

పాలమూరు పశువైద్యుడు
సాయంత్రం 7:24

దయచేసి ఎవరూ అలా చేయవద్దు. పెంపుడు పావురం గూటికి అలవాటు పడినది, ఆరోగ్యంగా ఉన్నది. దెబ్బతిన్న అడవి పక్షిని డాబా మీద నుంచి ఎగరేస్తే, చిట్లిన ఎముక పూర్తిగా విరుగుతుంది. పక్షుల భుజపు ఎముక బోలుగా ఉండి, లోపల గాలి సంచులతో కలిసి ఉంటుంది. అది చర్మం చీల్చుకొని బయటపడితే గాలి తిరిగే దారుల్లోకే నేరుగా మట్టి, క్రిములు చేరుతాయి. కిటికీ అద్దానికి గుద్దుకొని స్పృహ తప్పిన పిట్టలను గంట, రెండు గంటలు చీకటి పెట్టెలో ఉంచి, పెట్టెను ఆరుబయట నేల మీద పెట్టి మూత తెరిచి దూరంగా నిలబడితే చాలు. బాగుంటే అది తనంతట తానే లేస్తుంది.

చెరువుకట్ట
సాయంత్రం 8:15

అందరికీ కృతజ్ఞతలు. పెట్టె సిద్ధం చేసి, లోపలి గదిలో పెట్టాము. ఆయాసం తగ్గింది, వేడినీళ్ల సీసా కూడా పెట్టాను. రక్తం ఎక్కడా లేదు. గంప నుంచి పెట్టెలోకి మార్చే ఆ ఒక్క నిమిషంలో అమ్మాయి తీసిన ఫొటోలు రెండు ఇక్కడ జత చేస్తున్నాను. మళ్లీ మూత తెరవలేదు.

ఫొటోను పెద్దది చేసి చూసినప్పుడు నాకు రెండు సంగతులు కనబడ్డాయి. రెండు కాళ్లకూ, వేళ్లకు కొంచెం పైన, ఎర్రగా దారం ఒరుసుకున్న గుర్తులు ఉన్నాయి. ఒక కాలికి సన్నని సుతిలి పోగు ఇంకా అంటుకొని ఉంది. కుడి రెక్క చివరి ఈకలు ఎందుకు పొట్టిగా ఉన్నాయో నాకు అర్థం కాలేదు.

పాలమూరు పశువైద్యుడు
సాయంత్రం 8:40

ఫొటోలు జాగ్రత్తగా చూశాను. చూడకుండా రోగనిర్ణయం చేయడం నా పద్ధతి కాదు, రేపు చేతితో తడిమి చూసిన డాక్టరు మాటే చివరి మాట. అయినా కనబడుతున్నది చెబుతాను.

ఈ రెక్క విరగలేదని నా నమ్మకం. ఎముక విరిగితే రెక్క మొత్తం కిందికి జారిపోయి, కొస నేలకు రాసుకుంటూ ఉంటుంది. ఇక్కడ రెండు రెక్కల భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి, తేడా ఈకల్లోనే ఉంది. ప్రమాదంలో విరిగిన ఈకలు ఒక్కొక్కటి ఒక్కొక్క చోట, చీలికలు పేలికలుగా విరుగుతాయి. మీ ఫొటోలో ఏడు ఈకల కొసలూ కొలబద్ద పెట్టినట్లు ఒకే గీత మీద తెగి ఉన్నాయి. అది కత్తెర చేసిన పని. కాళ్ల మీది గుర్తులు కూడా అదే చెబుతున్నాయి. ఎవరో ఈ పక్షిని పట్టి, రెక్క కత్తిరించి, కాళ్లకు దారం కట్టి కొన్నాళ్లు ఉంచారు. పండుగ అయిపోయాక కట్ట మీద వదిలిపెట్టారు.

అందుకే గంపకు, పసుపుకు, పాలకు, ఎగరేయడానికి అన్నిటికీ వద్దనవలసి వచ్చింది. ఇప్పుడు ఈ పక్షికి ఉన్న అసలు జబ్బు ఆకలి, భయం.

దేవరకొండ టీచరు
సాయంత్రం 9:05

డాక్టర్ గారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. దసరాకు ముందు రోజు మా వీధిలోకి ఒక మనిషి చేతిసంచిలో పాలపిట్టను పెట్టుకొని వచ్చి, ఇంటింటి ముందూ బయటికి తీసి చూపించి డబ్బులు అడిగాడు. మా ఇంటి ముందు కూడా ఆగాడు. పక్షి కళ్లు సగం మూసి ఉన్నాయి, రెక్కలు దారంతో ఒంటికి కట్టి ఉన్నాయి. దర్శనం పుణ్యమని మా వాళ్లు దండం పెట్టి యాభై రూపాయలు ఇచ్చారు. నేను అభ్యంతరం చెప్పలేదు. పండుగ పూట గొడవ ఎందుకని ఊరుకున్నాను. మీకు దొరికిన పిట్ట అదే కాకపోవచ్చు. కానీ మేము ఇచ్చిన ఆ యాభై రూపాయలే వచ్చే ఏడు ఇంకో పిట్టను పట్టిస్తాయి.

జమ్మిగద్దె (వనపర్తి)
సాయంత్రం 9:30

మా ఇంట్లో నాలుగు తరాలుగా విజయదశమి నాడు జమ్మి పూజ చేయిస్తున్నాం కనుక ఆచారం గురించి నాకు తెలిసినది రాస్తాను. మా తాతగారి కాలంలో జమ్మికి వెళ్లే దారి ఊరి బయట చేల మధ్య నుంచి ఉండేది. సాయంత్రం వేళ ఆ దారిలో మోడు మీదనో తుమ్మ కొమ్మ మీదనో కూర్చున్న పాలపిట్ట తనంతట తాను కనబడితే శుభమని, అది లేచి ఎగిరినప్పుడు రెక్కల్లోని నీలం మెరిస్తే మరీ శుభమని చెప్పుకునేవారు. రావణుని మీదికి బయలుదేరే ముందు రాముడికి పాలపిట్ట కనిపించిందన్న కథ కూడా దానితోనే ముడిపడి ఉంది. సంచిలోంచి తీసి చూపించినది ఆ దర్శనం కాదు. రెక్క కత్తిరించిన పక్షిని చూసి శుభం జరుగుతుందని ఏ పెద్దవారూ నాకు చెప్పలేదు. చెరువుకట్ట గారు తమ అత్తగారికి ఈ మాట నా తరఫున చెప్పవచ్చు. పూజగదిలో దీపం, అగరుపొగ, గంట శబ్దం ఉంటాయి, పొగ పక్షి ఊపిరికి మంచిది కాదు కూడా.

నల్లకోటు (నల్లగొండ)
సాయంత్రం 9:48

న్యాయవాదిగా రెండు విషయాలు చెప్పాలి. చాలామంది గాయపడిన పక్షిని ఇంటికి తెచ్చి, కేసు అవుతుందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పకుండా దాచిపెడతారు. నిజానికి చెప్పకపోవడం వల్లనే చిక్కు వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చట్టానికి విరుద్ధంగా పట్టిన, బంధించి ఉంచిన అడవి జంతువు, పక్షి ప్రభుత్వ ఆస్తి. అది మన చేతికి వచ్చిన 48 గంటల లోపు దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. చెరువుకట్ట గారు అటవీ కార్యాలయం మూసి ఉందని ఆగవలసిన అవసరం లేదు. పోలీసు స్టేషను పండుగ రోజు కూడా తెరిచే ఉంటుంది. ఈ రాత్రే వెళ్లి సమయం, స్థలం, పక్షి స్థితి రాసి ఒక కాగితం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.

రెండవది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, గాయపరచడం, గూళ్లు, గుడ్లు పాడుచేయడం కూడా వేటే. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాలపిట్ట 2014 నుంచి మన తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆ దారం పోగును, ఫొటోలను భద్రపరచండి. తీసిన వ్యక్తి, తీసిన సమయం తెలిసిన ఫొటోకు విలువ ఉంటుంది.

నల్లమల నడక
సాయంత్రం 10:02

కాగితం ఇవ్వడానికి వెళ్లేటప్పుడు పక్షిని వెంట తీసుకువెళ్లవద్దు. ఒకరు వెళ్లండి, ఒకరు ఇంట్లో ఉండండి. రేపు ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు పెట్టెను ఒడిలో పెట్టుకొని కూర్చోండి, స్కూటర్ ముందు భాగంలో నేల మీద పెడితే కుదుపంతా దానికే తగులుతుంది. దారిలో మూత తెరిచి చూడవద్దు. మనం ఒకసారి చూసి తృప్తి పడడానికి అది ఎంత భయపడుతుందో బయటికి కనబడదు. పక్షి కదలకుండా ఉంటే ఊరడిల్లిందని మనం అనుకుంటాం. చాలాసార్లు భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. తల నిమరడం కూడా అందుకే వద్దంటాను.

చెరువుకట్ట
మరుసటి రోజు, ఉదయం 7:05

రాత్రి పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చి వచ్చాము. అక్కడివారు మర్యాదగానే తీసుకున్నారు. ఉదయం పెట్టె దగ్గర చెవి పెట్టి వింటే గోళ్ల చప్పుడు వినిపించింది. మూత వేలెడు మాత్రం ఎత్తి చూశాను. నిలబడి ఉంది. తువాలు మీద రెట్ట ముదురు ఆకుపచ్చగా, జిగటగా ఉంది, తెలుపు చాలా తక్కువ. ఇది చెప్పవలసిన విషయమేనా?

పాలమూరు పశువైద్యుడు
ఉదయం 7:20

తప్పకుండా చెప్పవలసిన విషయమే. కడుపులో తిండి లేనప్పుడు పైత్యరసం ఒక్కటే దిగి రెట్ట అలా ముదురు ఆకుపచ్చగా వస్తుంది. ఆకలి అన్న నా అనుమానం దీనితో బలపడింది. ఆ తువాలును అలాగే చూపించండి. అయినా మీరు తిండి పెట్టవద్దు. చాలా రోజులు పస్తున్న పక్షికి ముందు ఒంటి వేడి నిలబడాలి, తరువాత నీటి లోటు తీరాలి, ఆ తరువాతే ఆహారం. ఈ వరుస తప్పి ఒక్కసారిగా మేత మేపితే అరగక చనిపోయే పక్షులను నేను చూశాను. ఆసుపత్రి తెరిచే సమయానికి అక్కడ ఉండండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పశువుల కోసం నడిచేది, దానికోసం ఎదురుచూడకండి, మీరే తీసుకువెళ్లండి.

గడియారం సెంటర్
ఉదయం 8:10

నిన్నటి నా సలహా తప్పని తెలిసింది, డాక్టర్ గారికి కృతజ్ఞతలు. ఇదే చర్చలో ఇంకొక ప్రశ్న అడగవచ్చా? మా డాబా కింద గోరింక పిల్ల ఒకటి పడి ఉంది. ఈకలు వచ్చాయి గాని తోక పొట్టిగా ఉంది. మనిషి ముట్టుకుంటే తల్లి మళ్లీ దగ్గరకు రాదంటారు, ముట్టుకోలేదు.

నల్లమల నడక
ఉదయం 8:22

మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. ఈకలు వచ్చి, పొట్టి తోకతో గెంతుతున్న పిల్ల గూటి నుంచి దిగి ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దానికి దెబ్బ తగలలేదు, ఇంటికి తెస్తేనే దానికి నష్టం. పిల్లి, కుక్క తిరిగే చోటు అయితే దగ్గరలోని పొద మీద పెట్టి, దూరం నుంచి గంట సేపు గమనించండి, తల్లీతండ్రీ మేత తెచ్చిపెడతాయి. ఈకలు రాని, కళ్లు తెరవని పిల్ల అయితే గూట్లో తిరిగి పెట్టాలి, గూడు అందకపోతే చిన్న బుట్టలో పీచు వేసి అదే కొమ్మకు కట్టాలి.

పిల్లి నోట పడిన పక్షి విషయం మాత్రం వేరు. గాయం కనబడకపోయినా పిల్లి పంటి నుంచి చేరే క్రిములు ఒకటి, రెండు రోజుల్లోనే చంపుతాయి. అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి మందు వేయించాలి.

బత్తాయి తోట
ఉదయం 8:40

పత్తి చేల వైపు నెమళ్లు వణుకుతూ, నోటి నుంచి చొంగ కారుతూ పడిపోవడం చూస్తుంటాం. వాటికీ ఇదే పెట్టె పద్ధతేనా డాక్టర్ గారూ?

పాలమూరు పశువైద్యుడు
ఉదయం 8:55

అవి పురుగుమందు లక్షణాలు. పెట్టె, చీకటి అవసరమే గాని అక్కడ గంటలు లెక్కపెట్టుకోవాలి, రాత్రంతా ఆగే వ్యవధి ఉండదు. కొన్ని రకాల మందులకు అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుంది, అది డాక్టరు చేతితోనే వేయాలి. చేలో ఆ రోజు ఏ మందు కొట్టారో, విత్తనానికి ఏ మందు పట్టించారో ఆ డబ్బాను వెంట తీసుకురండి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

చేతుల గురించి అందరికీ చెప్పవలసినది కూడా ఇక్కడే చెబుతాను. ఏ పక్షిని పట్టినా ముందు గుడ్డ, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఒకే చోట నాలుగైదు కాకులో కొంగలో కోళ్లో చనిపోయి పడి ఉంటే అసలు ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి, 2025 ఆరంభంలో రెండు తెలుగు రాష్ట్రాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరువకూడదు. కొంగను పట్టేటప్పుడు ముఖానికి దూరంగా పట్టాలి, అది కంటికి గురిచూసి పొడుస్తుంది. గద్ద, గుడ్లగూబలకు ముక్కు కంటే కాలి గోళ్లే ప్రమాదం.

చెరువుకట్ట
మధ్యాహ్నం 1:30

ఇప్పుడే తిరిగి వచ్చాము. డాక్టరు పెట్టెను చీకటిగా ఉన్న గదిలోకి తీసుకువెళ్లి, తలకు గుడ్డ కప్పి పరీక్షించారు. ఎముకలేవీ విరగలేదు. కుడి రెక్కలో ఏడు పెద్ద ఈకలు కత్తిరించి ఉన్నాయి. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులాగా తగులుతున్నదని, కండ దాదాపు కరిగిపోయిందని చెప్పారు. తూచితే 118 గ్రాములు ఉంది. ఎదిగిన పాలపిట్ట 150 గ్రాములకు పైనే ఉండాలట. కాలి పుండ్లను మందునీటితో కడిగి, చర్మం కిందికి సన్నని సూదితో ద్రవం ఎక్కించారు. ఆ తరువాత గంటకు పట్టకారుతో ఒక మిడతను ముక్కు దగ్గర పెడితే మొదట తల తిప్పుకున్నది, రెండోసారి లాక్కున్నది. ఆ క్షణంలో మా అమ్మాయి నా చేయి ఎంత గట్టిగా పట్టుకున్నదో చెప్పలేను.

అటవీ శాఖ సిబ్బంది ఆసుపత్రికే వచ్చి పక్షిని, దారం పోగును, ఫొటోల నకళ్లను తీసుకొని రసీదు ఇచ్చారు. నాది ఒకటే ప్రశ్న. ఎముక విరగలేదు కదా, బలం పుంజుకోగానే కట్ట మీద వదులుతారా అని అడిగితే, చాలా కాలం పడుతుందని మాత్రం చెప్పారు. ఎందుకు?

పాలమూరు పశువైద్యుడు
మధ్యాహ్నం 2:15

తెగిన ఈక మన గోరులాగా కొస నుంచి పెరగదు. పూర్తిగా ఎదిగిన ఈక ప్రాణం లేని వస్తువు. ఏడాదికి ఒకసారి వచ్చే ఈకల మార్పులో ఆ మొదలు రాలిపోయి, అదే రంధ్రంలోంచి కొత్త ఈక మొలిస్తేనే రెక్క మళ్లీ నిండుతుంది. అందుకు నెలలు పట్టవచ్చు. ఎవరో అర నిమిషంలో కత్తిరించినదానికి ఈ పక్షి నెలల తరబడి పంజరంలో ఉండాలి. తొందరపడి మొదళ్లను పీకివేస్తే త్వరగా వస్తాయని కొందరు చేస్తారు, అందులో రంధ్రమే చెడిపోయి ఇక ఈక రాకపోయే ప్రమాదం ఉంది. రాలిన పాత ఈకలను సన్నని పుల్లతో తెగిన మొదళ్లకు అతికించే నేర్పు డేగలను పెంచేవారిలో తరతరాలుగా ఉంది. అనుభవజ్ఞులైన వైద్యులు ఇప్పటికీ దానిని వాడతారు. అది సాధ్యమో కాదో అక్కడివారు నిర్ణయిస్తారు.

ఇక వదిలే చోటు గురించి. దొరికిన చోటే వదలడం సాధారణ నియమం. ఈ పక్షిని ఎక్కడ పట్టారో తెలియదు కనుక, దానికి తగిన బయలు ప్రదేశాన్ని వాళ్లే ఎంచుకోవలసి ఉంటుంది.

దేవరకొండ టీచరు
సాయంత్రం 5:40

నేను ఈ రోజు మా వీధివాళ్లతో మాట్లాడాను. ఆ మనిషి ఏ దారిన వచ్చాడో, ఏ ఊరు పేరు చెప్పాడో ముగ్గురు గుర్తుంచుకున్నారు. నల్లకోటు గారి సలహాతో ఆ వివరాలు రాసి అటవీ శాఖకు ఇచ్చాను. వచ్చే దసరాకు పది రోజుల ముందే మా పాఠశాల పిల్లలను సాయంత్రం వేళ డిండి వాగు వైపు చేలకు తీసుకువెళ్లాలని కూడా అనుకుంటున్నాను, అక్కడ తీగల మీద పాలపిట్టలు కూర్చొని ఉంటాయి.

చెరువుకట్ట
తొమ్మిదవ రోజు, రాత్రి 8:00

అడిగినవారి కోసం చివరి సమాచారం రాస్తున్నాను. నిన్న పక్షి బరువు 141 గ్రాములు. పళ్లెంలో వేసిన మిడతలను తానే తింటున్నది, కాలి పుండ్లు ఎండాయి. ఇక్కడ పెద్ద పంజరం లేనందున రేపు హైదరాబాదుకు పంపుతున్నారు. చూస్తామని అడగాలనిపించింది గాని, నల్లమల నడక గారి మాట గుర్తుకు వచ్చి అడగలేదు.

డాక్టర్ గారు చెప్పినట్లు వాడిన అట్టపెట్టెను కాల్చివేశాము. అదే కొలతలో ఇంకొక పెట్టె తెచ్చి మా అమ్మాయి పక్కల పైభాగాన పన్నెండు రంధ్రాలు చేసింది. లోపల ఒక నూలు తువాలు, కత్తెర, పోలీసు స్టేషనులో ఇచ్చే కాగితం నమూనా పెట్టి అటక మీద ఉంచింది. ఇందులో ఇతర వస్తువులు పెట్టరాదని మూత మీద రాసింది. మా అత్తగారు అందులో వేడినీళ్ల సీసాకు చుట్టడానికి తన పాత చీర ముక్క ఒకటి మడిచి పెట్టారు.